అతికించిన నీలి రెక్కలు

చిన్న నీలి సీతాకోకచిలుకలు పువ్వుల మీద వాలతాయని అందరూ అనుకుంటారు. నేను వాటిని మొదటిసారి దగ్గరగా చూసింది పశువులు ఉచ్చ పోసిన ఇసుకలో. వారం రోజులపాటు ఆ ఇసుకలో మోకాళ్లు ఆనించి, నల్లగుడ్డ కింద తల దూర్చి, ఊపిరి బిగబట్టి వాటి ఫోటోలు తీశాను. ఆ పని చివరికి ఎటు పోయిందో తలుచుకుంటే ఉచ్చ వాసనే నయమనిపిస్తుంది.

అప్పట్లో మాది కర్నూలు జిల్లా, మద్రాసు ప్రభుత్వం. గిద్దలూరు స్టేషను నుంచి బజారుకు వచ్చే దారిలో నాకొక ఫోటో దుకాణం ఉండేది. పెళ్లిళ్లకు పిలిచేవాళ్లు తక్కువ. కొమరోలు నుంచీ బేస్తవారిపేట నుంచీ బండి కట్టుకుని నాకోసం వచ్చారంటే ఎక్కువగా ఎవరో పెద్దమనిషి చనిపోయి ఉండేవాడు. బతికుండగా ఫోటో తీయించుకోవాలన్న ఆలోచన ఎవరికీ వచ్చేది కాదు. పోయాక శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, జారిపోకుండా పంచెతో కట్టి, కొడుకులు చుట్టూ నిలబడితే నేను తీసేవాణ్ణి. ఎండాకాలంలో ఆ పని ఎట్లా ఉంటుందో చెప్పనక్కర్లేదు. కళ్లు తెరుచుకుని ఉన్నట్టు కనపడాలంటే ఫోటో మీద కుంచెతో కనుగుడ్లు దిద్దేవాణ్ణి. పదేళ్లు అదే పని చేశాక నాకిక అసహ్యమన్నది లేదనుకున్నాను.

ఒకరోజు అడవుల శాఖ రేంజరు నా దుకాణానికి వచ్చాడు. కోస్తా మనిషి. మా వైపుకు బదిలీ అయి ఏడాది దాటలేదు. చాలా శుభ్రం. చొక్కా మీద మరక ఉండేది కాదు. మా ఊరి నీళ్లు, మా దుమ్ము, మా మాట ఏదీ ఆయనకు నచ్చేది కాదు. కుర్చీ మీద రుమాలు పరుచుకుని కూర్చుని విషయం చెప్పాడు. ఆయన పైఅధికారి అయిన దొరకు సీతాకోకచిలుకల పిచ్చి. వాటిలోనూ వేలిగోరంత ఉండే నీలివంటే మరీ ఇష్టం. త్వరలో ఆ దొర ఉద్యోగం చాలించి తన దేశం పోతున్నాడు. పోయేముందు ఆయనకు ఒక ఆల్బం ఇవ్వాలని రేంజరు ఆశ.

“దొరగారి దగ్గర గుండుసూదులు గుచ్చినవి పెట్టెలనిండా ఉన్నాయి. ఆయనకు లేనిది బతికున్నవాటి ఫోటో. మన అడవిలో చిన్న నీలివి ఎన్ని రకాలుంటే అన్ని రకాలూ తియ్యాలి. ఆల్బం మొదటి పేజీలో నీ పేరు కూడా వేయిస్తాను” అన్నాడు.

శవాల ఫోటోల కింద ఎవరూ నా పేరు వేయలేదు. ఒప్పుకున్నాను.

దిగువమెట్టకు రైల్లో వెళ్లాను. అక్కడ అడవి బంగళా వెనక గదిలో నాకు మకాం. కెమెరా పెట్టె, దాన్ని నిలబెట్టే ముక్కాలి స్టాండు, ఫిల్ముకు బదులు అప్పట్లో వాడే గాజు పలకల పెట్టెలు మోయడానికి ఇద్దరు మనుషులను ఇచ్చారు. దారి చూపడానికి చెంచుగూడెం నుంచి ఒకాయన్ని పిలిపించారు. ఆయనకు యాభై దాటి ఉంటాయి. అడవిశాఖలో వాచరుగా పనిచేసేవాడు. నిప్పు పుట్టినా, ఎవరైనా దొంగచాటుగా కట్టె కొట్టినా వచ్చి చెప్పడం ఆయన పని. దానితోపాటు తేనె, కుంకుళ్లు, బంక ఏరుకోవడానికి అనుమతి ఉండేది. రేంజరు ఆయన్ని ‘ఏరా’ అనేవాడు. నేను మొదటి రెండు రోజులు ఏమనీ పిలవలేదు. మూడో రోజు నుంచి ‘మామా’ అన్నాను. ఆయన నన్ను మొదటినుంచీ చివరిదాకా ‘సామీ’ అనే అన్నాడు.

నీలి సీతాకోకచిలుకలు కావాలని చెప్పగానే ఆయన పూలచెట్ల వైపు పోలేదు. వాగు దిగి, నీళ్లు ఇంకిపోతున్న మడుగు దగ్గరికి తీసుకుపోయాడు. అడవిలో మేపుకోవడానికి తోలుకొచ్చిన పశువుల మందలు మధ్యాహ్నం అక్కడే పడుకునేవి. ఇసుకంతా ఉచ్చతో తడిసి పచ్చబడి, పేడ కలిసి, ఈగలు ముసిరి ఉంది. అంత దూరం నుంచే నాకు కళ్లు మండాయి. ఆయన నన్ను ఆపి, నేలమీద చూడమన్నాడు. బూడిదరంగు చెత్త ఏదో పరిచినట్టు కనిపించింది. ఆయన చిన్న గులకరాయి విసిరాడు. చెత్తంతా ఒక్కసారి నీలంగా లేచి, గిర్రున తిరిగి, మళ్లీ అదే చోట బూడిదై కూర్చుంది.

అది చూసి నేను నోరు తెరిచిన మాట నిజం. కానీ ఆ తెరిచిన నోట్లో ఈగ దూరింది.

వాటి ఫోటో తీయాలంటే కెమెరాను జానెడు దూరం దాకా తీసుకుపోవాలి. అంటే స్టాండు కాళ్లు పూర్తిగా మడిచి, నేను ఆ బురదలో మోకాళ్లమీద కూర్చుని, నల్లగుడ్డ కప్పుకుని, వెనక ఉన్న గాజు మీద తలకిందులుగా పడే బొమ్మను సరిచేసుకోవాలి. గుడ్డ కింద గాలి ఆడదు. వాసన మాత్రం ఆడుతుంది. అన్నీ సరిపోయి గాజు పలక లోపలికి తోసేలోపల సీతాకోకచిలుక లేచిపోయేది. లేదంటే రెక్కలు తెరిచేది, మూసేది, మళ్లీ తెరిచేది. రెండుసార్లు అక్కడే వాంతి చేసుకున్నాను. రెండోసారి నేను పక్కకు జరిగేలోపలే నాలుగు నీలివి వచ్చి ఆ వాంతి మీద వాలాయి. అంతవరకు వాటిమీద ఉన్న కాస్త ముచ్చట కూడా పోయింది.

చెంచు మామ మాత్రం నవ్వలేదు. ఉప్పు కోసం వస్తాయని చెప్పాడు. నా మోచేతి మీద చెమటకు వాలిన ఒకదాన్ని చూపించి, కదలొద్దన్నాడు. అది దారప్పోగంత నాలుక చాపి నా చర్మం మీద తడుముతూ ఉంది.

వాటిని గుర్తుపట్టడం నేర్పింది కూడా ఆయనే. పైనుంచి చూస్తే అన్నీ నీలమే, అన్నీ ఒకటే. రెక్కలు మూసుకుంటేనే ఏది ఏదో తెలుస్తుంది. ఆయన దగ్గర వాటికి పేర్లు లేవు. ఏ చెట్టు మీద పుట్టిందో ఆ చెట్టుదనేవాడు. రేగుచెట్టుదానికి అడుగున తెల్లటి రంగు మీద నల్లటి గీతలు, చుక్కలు. కందిచేనుదానికి గోధుమరంగు అలలు, వెనక రెక్కకు సన్నటి తోక, తోక మొదట్లో రెండు నల్లకళ్లు. గడ్డిలో ఎగిరేది అన్నిటికన్నా చిన్నది, దానికి తోకే లేదు. ఒకరోజు రేగుకొమ్మ వంచి, ఆకు వెనక అతుక్కుని ఉన్న పచ్చటి పురుగును చూపించాడు. దాని చుట్టూ చీమలు కాపలా కాస్తున్నట్టు తిరుగుతున్నాయి. ఒక చీమ మీసాలతో పురుగు వీపును తట్టింది. పురుగు చిన్న బొట్టు వదిలింది. చీమ తాగింది.

“చీమలకు ఇదే ఆవు సామీ. కాస్తాయి, పాలు పితుక్కుంటాయి. రెక్కలొచ్చినంక ఇడిసిపెడతాయి” అన్నాడు.

కందికాయ లోపల గింజను తొలిచి, తన పెంటలోనే తాను పొర్లే పురుగు కూడా ఇట్లా నీలి రెక్కలతో పైకి వస్తుందని ఆయన చెబితేనే నాకు తెలిసింది. చిన్నప్పటినుంచీ ఆ పురుగును మా ఇంట్లో కాయలు ఒలిచేటప్పుడు చూసి ‘ఛీ’ అని విసిరికొట్టినవాణ్ణే.

వారం తిరిగాక గిద్దలూరు పోయి పలకలు కడిగాను. మా ఇంటి వెనక పశువులపాకలో ఒక మూలకు గోనెలు కట్టి, ఎర్రకాగితం చుట్టిన లాంతరు పెట్టి, అదే నా చీకటిగది చేసుకున్నాను. ఇరవైకి పైగా పలకలు పోతే ఆరు మాత్రం స్పష్టంగా వచ్చాయి. కాగితం మీదికి ఎత్తి చూశాను. నీలమనేదే లేదు. రెక్కలన్నీ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. మేము వాడే పలకలకు నీలం, తెలుపు ఒకటే. ఆకాశం తెల్లగా పడుతుందని నాకు తెలుసు. రెక్కలు కూడా అట్లాగే పడతాయని ఆ పిచ్చి ఆశలో తట్టలేదు. కెమెరా కంటికి పసుపు అద్దం అడ్డం పెట్టవచ్చు. పెడితే బొమ్మ పడటానికి నాలుగింతల సేపు పడుతుంది. సీతాకోకచిలుక అంతసేపు కూర్చోదు.

రేంజరు ఆ ఆరు బొమ్మలను వేలికొసలతో పట్టుకుని చూశాడు. రెక్కలు తెల్లగా ఉన్నందుకు ఆయన బాధపడలేదు. పైన రంగు వేయమన్నాడు. ఆయన బాధ వేరే. సీతాకోకచిలుకల కింద ఉన్నది పేడ. ఒకదాంట్లో అయితే పేడలో ఇరుక్కున్న పురుగు కూడా కనపడుతోంది.

“దొరగారికి పేడ పంపిస్తామా? పువ్వుల మీద కావాలి” అన్నాడు.

పువ్వుల మీద అవి అంతసేపు నిలవవని చెప్పాను. నిలవకపోతే నిలబెట్టమన్నాడు.

మరుసటి రోజు బంగళా వెనక ఒక మేకను కోయించి, పేగులు, పొట్ట తీసుకొచ్చి వాగులో రాళ్ల మీద పోయించాడు. రెండు రోజులకు అవి కుళ్లి పొంగి, తెల్లపురుగులతో కదలడం మొదలుపెట్టాయి. నీలివి వాటి మీద కప్పినట్టు వాలాయి. అడవి గార్డులు గుడ్డలు విసిరి పట్టారు. పట్టినవాటిని మూతసీసాలో వేసి, నిమ్మచెట్ల ఆకులు నలిపి వేసి, ఊపిరాడక చచ్చేదాకా ఉంచేవాళ్లు. సాయంత్రానికి నా ముందు సీసాలు పెట్టేవాళ్లు. నేను చేయవలసిందల్లా వాటిని తంగేడు పువ్వుల మీదా, గడ్డిపూల మీదా బంకతో అతికించి, పసుపు అద్దం పెట్టి, నింపాదిగా ఫోటో తీయడం. అవి కదలవు. శవాలతో నాకున్న అలవాటు అక్కడ బాగా పనికొచ్చింది.

బంక ఇచ్చింది చెంచు మామే. దేనికని అడిగితే గాజు పలకలకని అబద్ధం చెప్పాను. ఆయన అడవిలోకి పోయి చెట్టుకు కారిన బంక ఏరుకొచ్చి, శుభ్రంగా కడిగి, ఆకు దొన్నెలో పెట్టి ఇచ్చాడు.

బొమ్మలు బాగా వచ్చాయి. రెక్కల మీద నీలం అద్దాను. రేంజరు మొదటిసారి నన్ను కూర్చోమన్నాడు. అప్పటినుంచి నేను వాగు దిగలేదు. బంగళా వరండాలో బల్ల వేసుకుని, చేతులకు సబ్బు రాసుకుని పని చేశాను.

ఒక సాయంత్రం రేగుచెట్టుది ఒకటి చేతిలో చిట్లింది. వెనక రెక్క సగం పొడి పొడి అయిపోయింది. ఆ రోజు పువ్వు మీద పెట్టడానికి సీసాలో మిగిలిన రేగుచెట్టుది అదొక్కటే. మరొకటి తెప్పించుకోవాలంటే మళ్లీ ఆ పేగుల దగ్గరికి మనిషిని పంపాలి. సీసాలో కందిచేనువి ఉన్నాయి. వాటిలో అన్నిటికన్నా చిన్నదాన్ని ఏరి, వెనక రెక్క ఊడదీసి, దీనికి అతికించాను. రెక్క అంచు కూడా సరిగ్గా కలిసింది. రెక్కలు మూసి కూర్చున్నట్టు తంగేడు పువ్వు మీద పెట్టి తీశాను. అది మోసమని అప్పుడు అనుకోలేదు. పోయినవాడి కనుగుడ్లు దిద్దడం లాంటిదే అనుకున్నాను.

ఆ బొమ్మ చూడగానే రేంజరు కుర్చీలో ముందుకు వంగాడు. ఆయన దగ్గర దొర ఇచ్చిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉంది. దానిలో బొమ్మలన్నీ వెతికాడు. ఎక్కడా లేదు. ముందు రెక్కకు నల్లగీతలు, వెనక రెక్కకు అలలు, తోక, కళ్లు. అట్లాంటిది ఎవరూ రాయలేదన్నాడు. కొత్త రకం కనిపెడితే దానికి కనిపెట్టినవాడి పేరు పెడతారని కూడా చెప్పాడు.

నేను నిజం చెప్పాను. అది చిట్లితే అతుకు వేశానని, రెండు వేర్వేరువని చెప్పాను. ఆయన కాసేపు నా మొహంలోకి చూసి, బొమ్మను పుస్తకంలో పెట్టి మూశాడు.

“అతుకు కనపడటం లేదు కదా. కనపడనప్పుడు నువ్వు చెప్పడం దేనికి?” అన్నాడు.

నేను మళ్లీ చెప్పలేదు. ఆ ఆల్బం మొదటి పేజీ అప్పటికే ఆయన రాయించాడు. నా పేరు అందంగా, గుండ్రటి ఇంగ్లీషు అక్షరాలతో ఉంది.

చెంచు మామ ఆ బొమ్మను చూసింది దొర రావడానికి ముందురోజు. నేను ఎండలో బొమ్మలు ఆరబెడుతుంటే వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఒక్కొక్కటీ చూసి, ఇది గడ్డిది, ఇది తుమ్మది అని తల ఊపుతూ వచ్చాడు. దాని దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. చేత్తో ముట్టుకోలేదు. మొహం దగ్గరగా పెట్టి చూశాడు.

“ముందరిది రేగుచెట్టుది. ఎనకది కందిచేనుది. ఎవురు అతికించినారు సామీ?”

నేను పక్కనున్న బొమ్మను ఎండవైపు తిప్పాను. ఆయన నా చేతులవైపు చూశాడు. నా గోళ్ల సందుల్లో ఎండిన బంక ఉంది. ఇంకేమీ అడగకుండా లేచిపోయాడు.

దొర పొద్దున్నే వచ్చాడు. ఎర్రటి మొహం, పొడుగాటి మనిషి. పరీక్ష పాసవడానికి నేర్చుకున్న పుస్తకాల తెలుగు మాట్లాడేవాడు. వరండాలో కుర్చీ వేసుకుని, భూతద్దం తీసి, ఆల్బం ఒక్కొక్క పేజీ తిప్పాడు. రేంజరు పక్కన నిలబడి పేజీ పేజీకీ వంగుతున్నాడు. నేను గోడకు ఆనుకుని ఉన్నాను. చెంచు మామను మెట్ల కింద నిలబెట్టారు. ఆయన్ని పిలిపించింది రేంజరే. ఈ కొత్త రకం ఎక్కడ పట్టారని దొర అడిగితే ఫలానా వాగు దగ్గరని చెప్పాలని ముందే నేర్పించాడు.

దొర ఆ పేజీ దగ్గర భూతద్దం చాలాసేపు ఉంచాడు. తరవాత అద్దం పక్కన పెట్టి, మెట్ల కిందికి చూశాడు.

“ఇది ఎచ్చట ఎగురును?” అని అడిగాడు.

చెంచు మామ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రేంజరు వైపు చూడలేదు. నా వైపు కూడా చూడలేదు.

“యాడా ఎగరదు దొరా. ఇది ఒకటి గాదు, రెండు” అన్నాడు.

దొర పెద్దగా నవ్వాడు. ఆయనకు అప్పటికే అర్థమైపోయింది. రేంజరు మొహంలో నెత్తురు లేదు. కానీ ఆయన నోరు మాత్రం వెంటనే లేచింది. పట్టి తెచ్చింది వీడేనని, బక్షీసుకు ఆశపడి ఏదో అతికించి తెచ్చి ఉంటాడని, ఈ జాతే అంతని, తాను నమ్మి మోసపోయానని గుక్క తిప్పుకోకుండా ఇంగ్లీషులోనూ తెలుగులోనూ చెప్పుకుపోయాడు. దొర చేయి ఎత్తి ఆపి, నా వైపు తిరిగాడు.

“చిత్రము తీసినది నీవు. నీవేమి ఎరుగుదువు?”

ఆ వరండాలో బల్ల మీద నా బంక దొన్నె ఇంకా ఉంది. మెట్ల కింద ఆ మనిషి తలవంచుకుని ఉన్నాడు. రేంజరు నా వైపు చూడను కూడా లేదు. నేను ఏం చెబుతానో ఆయనకు నాకంటే ముందే తెలుసు.

“నా ముందు పెట్టినదాన్ని తీశానండి” అన్నాను.

అది అబద్ధం కాదు. అందుకే అది అబద్ధం కన్నా నీచమైనది. నేను ఆ మాట ఏరుకున్నాను. సీసాలోంచి చిన్న సీతాకోకచిలుకను ఏరుకున్నంత జాగ్రత్తగా ఏరుకున్నాను.

దొర ఆ ఒక్క పేజీ చింపి కింద పడేశాడు. మిగతా ఆల్బం బాగుందని మెచ్చుకున్నాడు. ఆ మిగతా వాటిలో కూడా సగానికి పైగా చచ్చినవని, బంకతో నిలబెట్టినవని ఆయన కనిపెట్టాడో లేదో నాకు తెలియదు. కనిపెట్టినా ఆయనకు పట్టలేదనే అనుకుంటాను. ఫలహారానికి వేళయిందని లోపలికి పోయాడు. పోతూ పోతూ ఆ మనిషి విషయం చూడమని రేంజరుకు చెప్పాడు.

రేంజరు చూశాడు. వాచరు పని ఆ పొద్దే పోయింది. ఆ వైపు అడవిలో తేనె, బంక, కుంకుళ్లు ఏవీ ముట్టుకోకూడదని కూడా చెప్పించాడు. ఒక గార్డు వచ్చి ఆయన భుజానికి ఉన్న వాచరు బిళ్ల ఊడదీసుకున్నాడు. నేను ఆ మధ్యాహ్నం బండికి సామాను సర్దుకుని గిద్దలూరు వచ్చేశాను.

రెండు వారాల తరవాత ఉండబట్టలేక గూడెం పోయాను. ఏమని చెప్పాలో దారిపొడుగునా అనుకుంటూ పోయాను. ఆయన గుడిసె ముందు వెదురు చీలుస్తున్నాడు. వెదురుబొంగులు కొట్టించే కాంట్రాక్టరు దగ్గర కూలికి పోతున్నాడట. తేనె తీసే చేతులు గొడ్డలిపిడికి బొబ్బలెక్కి ఉన్నాయి. వాళ్ల ఇంటామె నన్ను చూసి లోపలికి పోయింది. మళ్లీ బయటికి రాలేదు. ఆయన మాత్రం చాప జరిపి కూర్చోమన్నాడు.

నేను తప్పు చేశానన్నాను. ఆయన చీల్చడం ఆపలేదు.

“నువ్వు నోరు తెరిసుంటే నీ దుకాణం పోయేది. నాకు తెలుసు సామీ” అన్నాడు. ఇంకో బొంగు తీసుకుని, దాన్ని సగానికి చీల్చాక మళ్లీ అన్నాడు. “తెలుసు గానీ, బంక నేనే గదా తెచ్చిచ్చింది. కడిగి మరీ ఇచ్చినాను. అదే రోతగా ఉంది.”

నా దగ్గర ఉన్నది ఫోటో తీసే విద్య ఒక్కటే. ఆయనదీ, ఇంటామెదీ మంచి బొమ్మ తీసి ఇస్తానని అన్నాను. అనగానే అది ఎంత సిగ్గుమాలిన మాటో నాకే తెలిసింది. ఆయన మొదటిసారి తలెత్తి నన్ను సూటిగా చూశాడు.

“వద్దు సామీ. నా తలకాయ దీసి ఎవురి మొండానికి పెడతావో.”

ఎగతాళిగా అనలేదు. నిజంగానే అట్లా జరగొచ్చని అనుకుంటున్నట్టు అన్నాడు. నేను చాప మీదనుంచి లేచాను.

ఆ తరవాత నాకు వచ్చిన ఇంగ్లీషులో దొరకు ఉత్తరం రాశాను. అతికించింది నేనని, ఆ చెంచాయన తప్పు ఏమీ లేదని, ఆయన పని ఆయనకు ఇప్పించమని రాశాను. తప్పులు దిద్దుకుంటూ నాలుగుసార్లు రాశాను. మూడు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాక పోస్టులో వేశాను. అప్పటికి రేంజరుకు మంచి చోటికి బదిలీ అయిందని తెలిసింది. ఇక నాకు భయం తగ్గిందని, అందుకే ఆ ధైర్యం వచ్చిందని కూడా ఒప్పుకోవాలి.

నెల దాటాక జవాబు వచ్చింది. దొర మర్యాదగానే రాశాడు. అతుకు సంగతి ఆ పొద్దే తనకు తెలుసునని, ఎవరు వేశారో కూడా ఊహించానని, అది పెద్ద విషయం కాదని రాశాడు. చెంచాయన పని గురించి ఒక్క ముక్క లేదు. కింద ఇంకో సంగతి ఉంది. రెండు వేర్వేరువని ఆ మనిషి చూడగానే చెప్పాడు కాబట్టి, ఏ నీలి సీతాకోకచిలుక ఏ చెట్టు మీద పుడుతుందో వాడికి తెలిసి ఉండాలట. అవన్నీ వాణ్ణి అడిగి, పట్టీ రాసి, తాను ఓడ ఎక్కేలోపల పంపితే ఎంతో సంతోషిస్తాడట.

ఆ కాగితం పట్టుకుని దుకాణంలో చాలాసేపు కూర్చున్నాను. వాగులో ఆ పేగులు కూడా నాకు అంత రోతగా అనిపించలేదు. ఆ చెట్ల పేర్లు ఆయన్ని అడగనక్కర్లేదు. నాకు ఆయన చెప్పినవన్నీ గుర్తున్నాయి. ఒక గంట కూర్చుంటే పట్టీ రాసేయగలను. రాస్తే బహుశా ఆల్బంలో లాగే ఎక్కడో మూల నా పేరు కూడా ఉంటుందేమో అన్న ఆలోచన ఒక్క క్షణం వచ్చింది. వచ్చిందని దాచను. పట్టీ రాయలేదు. జవాబు కూడా రాయలేదు.

ఇంటికి పోయేసరికి నా భార్య అరుగు మీద కూర్చుని కందికాయలు ఒలుస్తోంది. ఏమైందని అడిగింది. అంతవరకు నేను ఇంట్లో ఈ సంగతి ఏదీ చెప్పలేదు. సీతాకోకచిలుకల పని అయిపోయింది, ఆల్బం దొరకు నచ్చిందని మాత్రం చెప్పాను. ఆ సాయంత్రం మొదటినుంచీ అంతా చెప్పాను. సీసాలు, బంక, అతుకు, వరండా, నేను అన్న మాట, ఊడదీసిన బిళ్ల. ఆమె చేతులు ఆగలేదు. వింటూనే కాయలు ఒలిచింది. పురుగు పట్టినవాటిని పక్కకు పడేసింది.

నేను చెప్పడం ముగించాక అడిగింది.

“ఆయన బిళ్ల ఊడదీసిన పొద్దు బండి దిగి నేరుగా ఇంటికే వచ్చినావు గదా?”

“వచ్చినాను.”

“సంగటి తిన్నావు.”

“తిన్నాను.”

“మారు కూడా పెట్టించుకున్నావు. అడివిలో సరైన తిండి లేదని, ఇంకొంచెం పెట్టమని అడిగినావు. నాకు గుర్తుంది.”

ఒలిచిన గింజలను చేటలోకి ఎత్తుకుని, ఒళ్లో పొట్టు దులుపుకుని లోపలికి పోయింది. ఆ రోజు నాకు వడ్డించింది. ఎదురుగా మాత్రం కూర్చోలేదు.